ఉస్మానియాలో సోషల్ వర్క్ చదువు

మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్, విద్యార్థుల వాడుకలో ఎమ్మెస్‌డబ్ల్యూ, రెండేళ్ల పీజీ కోర్సు. తెలంగాణలోని రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఈ సీట్లు సీపీగెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్షతో భర్తీ అవుతాయి. ఆ పరీక్ష నిర్వహించేది 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయమే. డిగ్రీలో చదివింది బీఏనా, బీకామా, బీఎస్సీయా అన్న పట్టింపు లేదు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మం వైపు నుంచి బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉంటూ పోటీ పరీక్షలకు తయారయ్యే యువతలో ఈ కోర్సు వైపు చూసేవాళ్లూ ఉంటారు. ఇంట్లో మొదటిసారి పీజీ గడప తొక్కిన పిల్లలకు ఇది అందుబాటులో ఉన్న చదువు.

సేవాగుణం ఉంటే చాలదా, దానికి డిగ్రీ ఎందుకన్నది ఇంటిపెద్దలు వేసే ప్రశ్న. జవాబు దిల్‌సుఖ్‌నగర్ పక్కనే ఉన్న సరూర్‌నగర్‌లోనే ఉంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలంలో, గత శతాబ్దపు తొలి ఏళ్లలో, విక్టోరియా రాణి పేరిట ఇక్కడ అనాథ పిల్లలకు ఒక ఆశ్రయం వెలిసింది. విక్టోరియా మెమోరియల్ మెట్రో స్టేషన్‌కు ఆ పేరు దానివల్లే వచ్చింది. కూడు, గూడు, బడి సమకూర్చడం ఆనాటి దాతృత్వం, దాని విలువ తక్కువేమీ కాదు. శిక్షణ పొందిన సోషల్ వర్కర్ మాత్రం అక్కడితో ఆగకూడదు. ఈ బిడ్డకు మేనత్తో అమ్మమ్మో ఎక్కడైనా ఉన్నారా, తోబుట్టువులు వేరే హోంలో ఉండిపోయారా, తిరిగి ఇంటికి చేర్చే దారి ఉందా అని వెతకాలి. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గం. ప్రతి బిడ్డకూ విడిగా సంరక్షణ ప్రణాళిక రాయాలి. అలాంటి ప్రణాళిక రాయడానికి మంచి మనసుతో పాటు పద్ధతీ తెలియాలి.

ఆ పద్ధతిని మొదట పుస్తకంగా కూర్చిన వారిలో అమెరికాకు చెందిన మేరీ రిచ్‌మండ్ ముఖ్యురాలు. ఆమె గ్రంథం 1917లో వచ్చింది. మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో, సర్ దొరాబ్జీ టాటా పేరున నెలకొన్న పాఠశాలతో మొదలైంది. నేటి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) అదే. తెలుగువారికి ఇంకా దగ్గరి పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఆ సభ నడిపే విద్యాసంస్థలు ఇప్పుడు ఉస్మానియా పక్కనే ఉన్నాయి.

తరగతిలో చెప్పేవి స్థూలంగా ఆరు పద్ధతులు. ఒక వ్యక్తితో, ఒక బృందంతో, ఒక బస్తీతో పని చేయడం మొదటి మూడు. సంక్షేమ పాలన, పరిశోధన, సామాజిక కార్యాచరణ మిగతావి. ఫెలిక్స్ బీస్టెక్ 1957లో చెప్పిన ఏడు సూత్రాలు పరీక్షల్లో తప్పక కనిపిస్తాయి: సాయం కోరిన మనిషి మాటను తీర్పు చెప్పకుండా వినాలి, చెప్పింది గుట్టుగా ఉంచాలి, నిర్ణయం వాళ్లకే వదలాలి అన్నవి వాటిలో కొన్ని. కంఠతా పట్టడం తేలికే. తాగి వచ్చి కొట్టే భర్త దగ్గరికే తిరిగి వెళ్తానన్న స్త్రీ ముందు కూర్చున్నప్పుడు ఆ చివరి సూత్రం ఎంత కష్టమో తెలుస్తుంది.

అది తెలియడానికే ఫీల్డ్‌వర్క్. ఈ కోర్సుకు ఆయువుపట్టు ఇదే. యూజీసీ 2001లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళిక కూడా దీనికి పెద్దపీట వేసింది. సాధారణంగా వారంలో రెండు రోజులు విద్యార్థులు ఏదో ఒక ఆసుపత్రికో, హోంకో, బస్తీకో, స్వచ్ఛంద సంస్థకో వెళ్తారు. ఏం చూశారు, ఏం చేశారు, ఎందుకు చేశారు అని నివేదిక రాస్తారు. దాన్ని ముందు పెట్టుకుని అధ్యాపకులు ఒక్కొక్కరితో విడిగా మాట్లాడతారు. పల్లెలో కొన్నాళ్ల క్యాంపు, చివర ఒకేచోట వారాల తరబడి పని కూడా ఉంటాయి.

సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీలు ఇలాంటి పనికి మంచి ఉదాహరణ. కుతుబ్‌షాహీల కాలపు ఈ చెరువులోకి మీర్‌పేట, జిల్లెలగూడ వైపు నుంచి వరద వస్తుంది. 2020 అక్టోబర్ వానలకు చెరువు దిగువన కోదండరాం నగర్ లాంటి కాలనీల్లో ఇళ్లు నీట మునిగాయి. ప్రభుత్వం ఇంటికి 10,000 రూపాయల సాయం ప్రకటించింది. అప్పుడు ఎవరైనా దుప్పట్లు, బియ్యం పంచగలరు, పంచారు కూడా. సోషల్ వర్క్ విద్యార్థి నేర్చుకోవాల్సింది ఆ తర్వాతి పని. సాయం అద్దెకున్నవారికి అందిందా, ఇంటి యజమానికా? పత్రాలు నీళ్లలో కొట్టుకుపోయిన వాళ్ల సంగతేమిటి? నాలా ఎక్కడ ఇరుకైంది, చెరువు నిండుమట్టాన్ని చెప్పే ఎఫ్‌టీఎల్ హద్దు ఎక్కడ, జీహెచ్ఎంసీకి అర్జీ ఎవరి పేరున పెట్టాలి? ఈ ప్రశ్నలను కాలనీవాసులే అడిగేలా వాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం బస్తీని సంఘటితం చేసే పాఠం. 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ బాటసింగారానికి తరలినప్పుడు హమాలీల రోజుకూలి, రాకపోకల ఖర్చు ఏమయ్యాయన్నదీ ఇలా లెక్కతీయాల్సిన విషయమే.

ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. పాఠ్యపుస్తకాలు ఎక్కువగా ఇంగ్లిషులో, నివేదికలు ఇంగ్లిషులో. బస్తీలో మాట తెలుగులో, దక్కనీ ఉర్దూలో. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారు మనుషులతో చక్కగా కలిసిపోయి, కాగితం మీద తడబడతారు. ఈ లోటు వాళ్లది కాదు. నివేదికను తెలుగులో రాయనిస్తే వాళ్లు చూసినదంతా కాగితం మీదికి వస్తుంది.

చదువయ్యాక దారులు చాలానే. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 500 మంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట సంక్షేమ అధికారిని నియమించాలంది. సోషల్ వర్క్ పట్టభద్రులు పరిశ్రమల సిబ్బంది విభాగాల్లోకి వెళ్లిన పాత తోవల్లో ఇదొకటి. 2013 కంపెనీల చట్టం పెద్ద సంస్థల లాభాల్లో 2 శాతాన్ని సామాజిక బాధ్యతకు కేటాయించమనడంతో ఆ విభాగాల్లోనూ పని దొరుకుతోంది. బాలల సంరక్షణ విభాగాలు, సఖి కేంద్రాలు, పెద్దాసుపత్రులు, అవయవదాన సమన్వయం మరికొన్ని. మానసిక ఆరోగ్య రంగంలో సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా పనిచేయాలంటే ఎమ్మెస్‌డబ్ల్యూ మీద సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో రెండేళ్ల ఎంఫిల్ కూడా ఉండాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్వచించింది.

ఇంత స్పష్టత మిగతా చోట్ల లేదు. డాక్టర్లకు, న్యాయవాదులకు ఉన్నట్టు సోషల్ వర్కర్లందరినీ నమోదు చేసే జాతీయ మండలి చట్టం ఇంకా రాలేదు. బాలల న్యాయ బోర్డులో మేజిస్ట్రేటుతో పాటు ఇద్దరు సోషల్ వర్కర్లు కూర్చోవాలి, వారిలో కనీసం ఒకరు మహిళ కావాలి. ఆ స్థానానికి పిల్లల కోసం ఏడేళ్లు పనిచేసిన అనుభవమో, లేదంటే వృత్తిలో ఉంటూ బాలల మనస్తత్వశాస్త్రం, మనోవైద్యం, సోషియాలజీ, న్యాయశాస్త్రాల్లో ఒక డిగ్రీయో ఉండాలని చట్టం చెప్పింది. ఆ జాబితాలో సోషల్ వర్క్ లేదు. రెండేళ్లు బస్తీల్లో తిరిగి పని నేర్చుకున్న పట్టభద్రులకు ఇది అన్యాయమే. అదే బోర్డు ముందుకు వచ్చే పిల్లలకూ దీనివల్ల నష్టమే.