ఫైళ్లు వచ్చాయి, అక్షరాలేవి?

పాత ల్యాప్‌టాప్‌లోని ఫైళ్లను కొత్తదానిలోకి చేర్చడానికి ఓ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ చాలు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగియడంతో చాలామందికి ఈ పని తప్పలేదు. ఫొటోలు, పాటలు చెక్కుచెదరకుండా వచ్చేస్తాయి. చిక్కంతా పాత తెలుగు ఫైళ్లతోనే.

అను, శ్రీలిపి వంటి సాఫ్ట్‌వేర్లతో ఏళ్ల తరబడి టైపు చేసుకున్న కథలు, వ్యాసాలు, సిద్ధాంత గ్రంథాలు కొత్త తెరపై అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులుగా ప్రత్యక్షమవుతాయి. పాడైందనుకుని ఫైలును తుడిచేస్తే అంతే సంగతులు. నిజానికి అది పాడవలేదు. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల కోడ్‌ల మీదే తెలుగు ఆకారాలను తొడిగాయి. ఫాంటు లేనిచోట ఆ ముసుగు తొలగిపోతుంది. తెలుగుకు సొంత కోడ్‌లిచ్చిన యూనికోడ్ 1991లోనే వచ్చినా, అచ్చు రంగం చాలాకాలం పాత ఫాంట్లనే నమ్ముకుంది.

అందుకే పాత యంత్రాన్ని వదిలించుకునే ముందే ఏ ఫైలు ఏ ఫాంటులో ఉందో రాసిపెట్టుకోవాలి. ముఖ్యమైనవాటిని ఫాంటుతో సహా పీడీఎఫ్‌గా దాచుకోవాలి. ఆపై కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, ఆ పీడీఎఫ్‌తో పోల్చి ఒత్తులు, పొల్లులు సరిచూసుకోవాలి. శ్రమే. కానీ సరిచూసుకోవడానికి అసలు ప్రతి చేతిలో ఉండేది పాత ల్యాప్‌టాప్ పనిచేసినన్నాళ్లే.