ముందు బొమ్మ, వెనక చక్కెర

పొడపత్రి ఆకు ఒకటి కోసి బాగా నమలండి. నోరు పుక్కిలించి, చిటికెడు పంచదార నాలుక మీద వేసుకోండి. తీపి తెలియదు, ఇసక పలుకులు తగిలినట్టుంటుంది. ఆకులోని జిమ్నెమిక్ ఆమ్లాలు నాలుక మీద తీపిని పసిగట్టే చోట్లను కాసేపు మూసేస్తాయి. హిందీలో ఈ తీగను గుడ్‌మార్ అంటారు, బెల్లాన్ని చంపేదని అర్థం. నాలుకను ఏమార్చడం ఎంత సులువో తెలియడానికి ఈ ఆకొక్కటి చాలు.

చక్కెర లేకుండా తీపి పుట్టించే పదార్థాల్లో పేరున్నవి పొరపాటునే దొరికాయి. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో తారు నుంచి తీసిన రసాయనాలతో పనిచేసే కాన్‌స్టాంటిన్ ఫాల్‌బర్గ్ ఓ సాయంత్రం భోజనానికి కూర్చుంటే రొట్టె తియ్యగా తగిలింది. చేతులు కడుక్కోలేదాయన. అలా శాకరిన్ బయటపడింది. 1965లో అల్సర్ మందు కోసం ప్రయోగాలు చేస్తున్న జేమ్స్ ష్లాటర్ కాగితం తీయడానికి వేలు నాలుకకు తగిలించాడు, అస్పర్టేమ్ దొరికింది. 1976లో లండన్‌లోని క్వీన్ ఎలిజబెత్ కాలేజీలో శశికాంత్ ఫడ్నిస్‌ది నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ. ఓ పొడిని టెస్ట్ చెయ్యమని గురువు అంటే, ఆయనకు టేస్ట్ చెయ్యమన్నట్టు వినిపించింది. తెలుగులో రాస్తే ఒక్క దీర్ఘం తేడా. ఆ దీర్ఘం నుంచి పుట్టిందే చక్కెర కన్నా దాదాపు 600 రెట్లు తియ్యనైన సుక్రలోజ్.

ఇవి తింటే క్యాన్సర్ వస్తుందా? శాకరిన్ పెట్టిన ఎలుకలకు మూత్రాశయంలో కణుతులు వచ్చాయని 1977లో అమెరికాలో దాన్ని నిషేధించబోయారు. డబ్బాల మీద హెచ్చరిక అయితే వచ్చింది. తర్వాతి పరిశోధనల్లో అది ఎలుకల శరీర తత్వం వల్ల వచ్చిందని, మనుషులకు వర్తించదని తేలి, 2000లో క్యాన్సర్ కారకాల జాబితా నుంచి శాకరిన్‌ను తీసేశారు. అస్పర్టేమ్‌ను 2023 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ‘కారణం కావచ్చు’ అనే 2బి వర్గంలో చేర్చింది. ఆ వర్గం చెప్పేది సాక్ష్యం ఎంత బలంగా ఉందన్నదే, ప్రమాదం ఎంతన్నది కాదు. రోజుకు కిలో బరువుకు 40 మిల్లీగ్రాముల లోపు ఫరవాలేదన్న పాత పరిమితి అలాగే ఉంది. 70 కిలోల మనిషి దాన్ని దాటాలంటే డైట్ కూల్‌డ్రింకులు రోజుకు 9 నుంచి 14 క్యాన్లకు పైనే తాగాలి.

క్యాన్సర్ భయం కన్నా మనం పట్టించుకోవాల్సిన మాట ఆ ఏడాది మే నెలలోనే వచ్చింది. బరువు తగ్గడానికి ఈ తీపి పదార్థాలను నమ్ముకోవద్దని అదే సంస్థ సలహా ఇచ్చింది. దీర్ఘకాలంలో వీటితో కొవ్వు తగ్గిన దాఖలా లేదంది. ఇప్పటికే మధుమేహం ఉన్నవారికి ఈ సలహా వర్తించదని కూడా చెప్పింది. ఈ రెండో ముక్కను వదిలేసి మొదటిదే ప్రచారం చేస్తుంటారు.

ఇక అసలు చక్కెర. రోజుకు సుమారు 25 గ్రాములు, అంటే ఆరు చెంచాల లోపు ఉంటే మేలంటారు. 330 మిల్లీలీటర్ల మామూలు కోలా క్యాన్‌లో ఒక్కదాంట్లోనే 35 గ్రాములుంటుంది. కూల్‌డ్రింకు తీపి అందరికీ తెలిసిందే. బిస్కెట్ల సంగతి చూడండి. పాకెట్ వెనక దినుసులను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. చక్కెర, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్ అని మూడుగా విడగొట్టి రాస్తే ఒక్కొక్కటీ జాబితాలో కిందికి జారుతుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ పేరులో చక్కెర అనే మాటే లేదు గానీ రక్తంలో గ్లూకోజును చకచకా పెంచుతుంది.

పాకెట్ ముందు వైపు మాటలూ మారుతున్నాయి. మన చట్టంలో ‘హెల్త్ డ్రింక్’ అనే నిర్వచనమే లేదు కాబట్టి, ఆ పేరు కింద బోర్న్‌విటా వంటివాటిని అమ్మవద్దని 2024 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ దుకాణాలకు చెప్పింది. ఆ జూన్‌లో ‘100 శాతం పండ్ల రసం’ అన్న మాటను తీసేయమని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఆదేశించింది. చిలీ దేశం 2016లోనే చక్కెర ఎక్కువున్న పాకెట్ల మీద నల్లటి అష్టభుజి ముద్ర వేయించి, పిల్లల్ని ఆకర్షించే కార్టూన్ బొమ్మల్ని వాటి మీద నుంచి తీయించింది. మనకూ అలాంటి ముద్ర కావాలని గట్టిగా కోరుకునేవాళ్లలో నేనొకణ్ణి.

విరేచనాలప్పుడు తాగించే ఓఆర్‌ఎస్ పేరు మీద జరిగిన పోరాటం మాత్రం మన హైదరాబాద్‌ది. విరేచనాలతో నీరసించిన పిల్లాడి కోసం నాన్న మందుల షాపుకు పరుగెత్తి ‘ఓఆర్‌ఎస్ ఇవ్వండి’ అనేవాడు. చేతికొచ్చేది పళ్ల బొమ్మలున్న తియ్యటి డబ్బా. దాని మీద పెద్ద అక్షరాల్లో ఓఆర్‌ఎస్ అనే ఉండేది. అసలు ఓఆర్‌ఎస్‌లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజే ఉండాలి. ఉప్పుతో కలిసి పేగు నీటిని పీల్చుకోవడానికి ఆ కాస్త చాలు. ఆ డబ్బాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. అంత తీపి పేగులోకి వెళ్తే ఒంట్లో నీళ్లనే అటు లాగుతుంది, విరేచనాలు ముదురుతాయి. పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద ఎనిమిదేళ్లు పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ పాత అనుమతులను రద్దు చేసి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లేని పానీయాల మీద ఆ మూడక్షరాలు వాడకూడదంది.

అసలైన పొడి పాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని, ఎన్ని నీళ్లలో కలపాలో రాసి ఉంటుంది. లీటరు అని ఉంటే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో పాకెట్ మొత్తం ఒకేసారి కలపాలి, సగం పొడి సగం నీళ్లు అని పంచకూడదు. పంచదార జోడించకూడదు. కలిపింది 24 గంటల్లో వాడి, మిగిలింది పారబోయాలి. పిల్లాడికి చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. రుచి కన్నీళ్లలా కాస్త ఉప్పగానే ఉంటుంది.