అయస్కాంత టేపును పరీక్షించు విధము

కంప్యూటరులందలి విలువైన సమాచారమునకు వేరొక ప్రతి తీసి దాచుట అన్ని కార్యాలయములకును అవసరమే. పెద్ద సంస్థలలో ఆ ప్రతి కొఱకు నేటికిని అయస్కాంత టేపును వాడువారు కలరు. 1951లో యూనివాక్ యంత్రముతో వచ్చిన టేపు లోహపు పట్టీ. నేటి ఎల్‌.టి.ఓ. టేపు అరచేత నిముడు పెట్టెలో కండెకు నూలువలె చుట్టియుండు పలుచని ప్లాస్టిక్ పట్టీ. 2021లో వెలువడిన తొమ్మిదవ తరపు పెట్టెలో 18 టెరాబైట్ల సమాచారము పట్టును. డ్రైవు నుండి తీసి బీరువాలో నుంచినచో దానికి విద్యుత్తు అక్కఱలేదు. దూరమున నున్న దుండగుడు దానిని చెఱుపలేడు. 2011 ఫిబ్రవరిలో సాఫ్టువేరు దోషము వలన కొందఱి జీమెయిలు ఉత్తరములు మాయము కాగా, గూగుల్ సంస్థవారు వానిని టేపుల నుండియే తిరిగి తెచ్చిరి.

అయితే మనము వ్రాసిన టేపు రేపు చదువుటకు వచ్చునని నమ్మక మేమి? చదివి చూచుట తప్ప వేఱు సాక్ష్యము లేదు. అందులకు యూనిక్స్, లైనక్స్ వ్యవస్థలలో ‘ఎమ్‌టి’ అను చిన్న ఆదేశము కలదు. ఇది సమాచారమును వ్రాయదు, చదువదు. ఆ పని ‘టార్’ వంటి ఆదేశములది. టేపును త్రిప్పుట, కోరిన చోట నిలుపుట, డ్రైవు స్థితిని తెలుపుట దీని పనులు.

‘ఎమ్‌టి’ తరువాత ‘-ఎఫ్’ అను సంకేతము, డ్రైవు పేరు, చేయవలసిన పని వరుసగా వ్రాయవలెను. మొదట ‘స్టేటస్’ అని యడుగుట మేలు. ‘ఆన్‌లైన్’ అని వచ్చినచో డ్రైవు సిద్ధముగా నున్నది. ‘డిఆర్‌_ఓపెన్’ అనిన టేపు లోపల లేదు. ‘డబ్ల్యుఆర్‌_ప్రాట్’ అనిన పెట్టె మీది చిన్న మీట వ్రాతను నిషేధించుచున్నది. ‘బిఓటి’ అనిన టేపు మొదటి కొసన నున్నది.

ఇక ముఖ్యమైన సంగతి. లైనక్స్‌లో ఒకే డ్రైవునకు రెండు పేర్లుండును: ‘/డెవ్/ఎస్‌టి0’, ‘/డెవ్/ఎన్‌ఎస్‌టి0’. మొదటి పేరుతో పిలిచినచో ప్రతి పని ముగియగనే టేపు మొదటికి చుట్టుకొనును. రెండవ పేరుతో పిలిచినచో ఆగిన చోటనే నిలుచును. ఇంత భేదమును ఒక్క అక్షరముతో సరిపెట్టిరి! సోమవారపు ప్రతిని మొదటి పేరుతో వ్రాసి, మంగళవారపు ప్రతిని కూడ అట్లే వ్రాసినచో, రెండవది మొదటి దాని మీదనే పడును. రెండవది చిన్నదైనను మొదటి దాని శేషము దక్కదు. వ్రాత ఆగిన చోట డ్రైవు ‘సమాచారము ముగిసినది’ అను గుర్తు వేయును, దాని కావలి భాగమును మామూలుగా చదువనీయదు. కావున రెండవ పేరునే వాడవలెను. క్రొత్త ప్రతిని చేర్చుటకు ముందు ‘ఈఓడి’ అను పనితో టేపును వ్రాత చివరకు నడుపవలెను.

పరీక్ష యిట్లు చేయవచ్చును. ఖాళీ టేపుపై రెండు సంచయములను ‘టార్’తో ఒకదాని వెనుక నొకటి వ్రాయుడు. ‘రివైండ్’తో మొదటికి చుట్టి, ‘ఎఫ్‌ఎస్‌ఎఫ్ 1’ అనుడు. టేపు ఒక ఫైలు గుర్తును దాటి నిలుచును. అప్పుడు ‘స్టేటస్’లో ఫైలు సంఖ్య 1, బ్లాకు సంఖ్య 0 అని రావలెను, లెక్క సున్నతో మొదలగును గనుక అది రెండవ సంచయమే. తరువాత ‘టార్’నకు ‘డి’ సంకేత మిచ్చినచో టేపులోని దానిని డిస్కు మీది మూలముతో పోల్చి భేదములను చూపును. జాబితా మాత్రము చూచి తృప్తిపడుటకంటె ఇది గట్టి పరీక్ష. పిమ్మట మొదటి దానిని కూడ అట్లే పోల్చవలెను. వెనుకకు మరల్చు ‘బిఎస్‌ఎఫ్’ గుర్తునకు ఈవలి ప్రక్కన ఆగి క్రొత్తవారిని తికమక పెట్టును. మొదటి నుండి లెక్కించు ‘ఏఎస్‌ఎఫ్’ వారికి సులభము.

చదువునప్పుడు దోషము వచ్చినచో టేపును వెంటనే నిందింపరాదు. డ్రైవు కోరుచున్నచో శుభ్రపఱచు పెట్టెను వాడి, పిదప అదే డ్రైవులో వేఱొక టేపును, వేఱొక డ్రైవులో అదే టేపును చదివినచో దోష మెక్కడిదో తెలియును. ‘ఎరేజ్’ అను పనిని తెలియక వాడరాదు. అది గంటల తరబడి సాగి సర్వమును తుడిచివేయును. పని ముగిసిన పిదప ‘ఆఫ్‌లైన్’ అనినచో టేపు చుట్టుకొని వెలికి వచ్చును.

ఏడవ తరము వరకు ఎల్‌.టి.ఓ. డ్రైవులు రెండు తరముల వెనుకటి టేపులను సైతము చదువగలిగెను. ఎనిమిదవ తరపు డ్రైవు ఒక్క తరము వెనుకకు మాత్రమే పోగలదు. కావున పాత డ్రైవును తీసివేయుటకు ముందే, అది చదువగల టేపులనన్నిటిని క్రొత్త టేపులకు ఎత్తి వ్రాసి, పైన చెప్పిన విధముగా పోల్చి చూచుకొనవలెను.