మెఫిస్టో ఎప్పుడు వస్తాడు?

2021 ఫిబ్రవరిలో ఒక శనివారం సాయంకాలం మాదాపూరులో ఇరానీ చాయ్ దుకాణం ముందు నిలుచుని ఉండగా, ప్రక్కన నలుగురు యువకులు చేస్తున్న వాదం నా చెవిని పడింది. ఒక ఇల్లాలికి కలిగిన కవల పిల్లలు నిజంగా ఆమె పిల్లలేనా, లేక వారి పుట్టుక వెనుక ఏదైనా పిశాచం చెయ్యి ఉన్నదా అన్నది వారి వివాదం. ఎవరి సంసారమో పాపం, నడివీధిలో ఇట్లా రచ్చకెక్కినది గదా అని నొచ్చుకుంటూ తిరిగి చూచాను. వారిలో ఒకడు చేతిలోని కప్పును గబగబా బల్లమీద పెట్టి, "నమస్తే సార్" అన్నాడు. పదేళ్ళ క్రిందట ఇంటర్మీడియేటులో నావద్ద తెలుగు చదివిన కుర్రవాడు. ఇప్పుడు రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. ఆ ఇల్లాలు మాత్రం మాదాపూరు నివాసిని కాదు. ఆమె పేరు వాండా.

అవి కరోనా భయం ఇంకా తీరని రోజులు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఒకటొకటిగా లేచిన అద్దాల మేడలు చాలవరకు ఖాళీగా ఉన్నవి. ఉద్యోగాలు ఇళ్ళలోనుండే సాగుతున్నవి. ఆ ఒంటరితనంలో ఈ నలుగురికి వారానికొక్కసారి కలుసుకొనడానికి సాకుగా దొరికినది 'వాండావిజన్' అనే తొమ్మిది భాగాల ధారావాహిక. జనవరి 15న రెండు భాగాలు ఒక్కసారిగా వచ్చినవి. ఆపైన శుక్రవారానికొకటి చొప్పున మార్చి 5 వరకు నడిచినవి. శుక్రవారం చూడడం, శనివారం వాదించుకొనడం వారి నియమం.

కథ క్లుప్తంగా ఇది. వాండా అద్భుత శక్తులు గల స్త్రీ. ఆమె ప్రియుడు విజన్ 2018లో వచ్చిన చలనచిత్రంలో మరణించినాడు. ధారావాహికలో అతడు మళ్ళీ సజీవుడై, వెస్ట్‌వ్యూ అనే చిన్న పట్టణంలో ఆమెతో కాపురం చేస్తూ కనిపిస్తాడు. వారికి కవలలు పుడతారు. చచ్చినవాడు ఎట్లా వచ్చినాడు? దీని కంతకూ సూత్రధారి ఎవరు? ప్రేక్షకులలో చాలమంది ఏకకంఠంతో చెప్పిన జవాబు: మెఫిస్టో. ఇతడు మార్వెల్ బొమ్మల పుస్తకాలలోని పిశాచాధిపతి. ఆ పుస్తకాలలో వాండా పిల్లల పుట్టుకకూ ఇతనికీ సంబంధం ఉన్నది. ఇంకేమి కావాలి? ప్రతి భాగంలోను అతని జాడ వెదకడం ఆరంభమైనది. గోడమీది బొమ్మ, నోటినుండి జారిన మాట, కడకు ఒక ఈగ కనిపించినా అది సాక్ష్యమే!

దీనిని పిల్లచేష్ట అని త్రోసివేయడం సులభం. కాని చందమామ చదివి పెరిగిన మా తరానికి ఆ హక్కు లేదు. బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేసినప్పుడు, విక్రమార్కునికంటె ముందుగా జవాబు చెప్పాలని పుట త్రిప్పకుండా కూర్చున్నవాళ్ళమే మేమంతా. రాజమౌళి 'బాహుబలి' మొదటి భాగం 2015 జులై 10న విడుదలైనది. రెండవది 2017 ఏప్రిల్ 28న వచ్చింది. నడుమ ఇరవైఒక్క నెలలకు పైగా కట్టప్ప చేసిన హత్యకు కారణం ఊహించని తెలుగు ఇల్లు ఉన్నదా? శ్రోత నోరు విప్పినప్పుడే కథకు ఆయుష్షు. విక్రమార్కుడు మౌనం వీడిన ప్రతిసారీ శవం చెట్టెక్కినది. అందువల్లనే కథ సాగినది.

అయితే ఊహకు ఒక శాస్త్రం ఉండవద్దా? మన పూర్వులు వాక్యార్థం తెలియడానికి మూడు కావాలన్నారు: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి. ఒక పదం మరొక పదాన్ని కోరాలి, అది ఆకాంక్ష. కలిసిన పదాలకు అర్థం పొసగాలి, అది యోగ్యత. నిప్పుతో తడుపుతున్నాడంటే వాక్యమున్నది గాని యోగ్యత లేదు. పదాలు ఒకదాని వెంట ఒకటి పలుకబడాలి, అది సన్నిధి. ఈ మూడింటితో తృప్తి పడని వారు నాలుగవది చేర్చినారు: తాత్పర్యం, అనగా చెప్పేవాని ఉద్దేశం. ఆనాడు చాయ్ త్రాగుతూ ఈ నాలుగింటినీ నా పూర్వ శిష్యునికి గుర్తు చేశాను. "ఇవి మీరు క్లాసులో చెప్పినప్పుడు నిద్ర వచ్చింది సార్, ఇప్పుడు రావడం లేదు" అన్నాడు. గురువుకు ఇంతకన్న సన్మానం లేదు.

మెఫిస్టో వాదానికి ఆకాంక్ష ఉన్నది. కథలో లోటు కనబడుతున్నది. యోగ్యత ఉన్నది, మూల పుస్తకాల బలమున్నది. వారానికొక్క భాగం వచ్చే పద్ధతిలో సన్నిధి కొంత సడలినా, ఆ ఎడమే ఊహకు చోటిచ్చింది. లేనిదల్లా తాత్పర్యం. మెఫిస్టో రాలేదు. వాండా శక్తిని ఆశించి వచ్చిన మంత్రగత్తె అగాథా ఒకతె ఉన్నది గాని, ఆ మాయా పట్టణాన్ని కట్టినది మాత్రం వాండాయే. కట్టించినది ఆమె శోకం. తన దుఃఖాన్ని మరచిపోవడానికి ఆమె ఒక ఊరి జనాన్నంతా బందీలను చేసినది. పిశాచం కోసం వెదికినవారిలో అనేకులు ఈ ముగింపు చూచి మోసపోయినామన్నారు. కథ వారిని మోసగించలేదు. వారు తమ కథనే చూస్తూ కూర్చున్నారు.

ఊహ అతిశయిస్తే ఏమవుతుందో హైదరాబాదులోనే ఒక నిదర్శనం ఉన్నది. ఈ నగరంలోని గ్రీన్ గోల్డ్ సంస్థ, రాజీవ్ చిలక సారథ్యంలో సృష్టించిన 'ఛోటా భీమ్' 2008లో పోగో చానలులో ఆరంభమైనది. లడ్డూ తిని బలం పుంజుకొనే ఆ బాలవీరుడు చుట్కీని కాదని రాకుమారి ఇందుమతిని పెండ్లాడినాడని 2020 జూన్ నెలలో ఒక వదంతి పుట్టింది. చుట్కీకి న్యాయం చేయాలని దేశమంతటా నినాదం లేచింది. చివరకు సంస్థవారే, ఆ ముగ్గురూ ఇంకా పిల్లలేననీ, పెండ్లి వార్త అబద్ధమనీ ప్రకటన చేయవలసి వచ్చింది. నవ్వు వస్తుంది నిజమే. కాని చిన్ననాడు చుట్కీ దాచి తెచ్చిన లడ్డూలను చూచినవారు, పెద్దవారైన పిదప ఆమె పక్షం వహించినారంటే, ఆ కథ వారిలో ఎంత లోతుకు దిగినదో ఆలోచించండి. దీనిని ఏ లెక్క కొలవగలదు?

లెక్క అన్నాను గనుక ఆ సంగతీ చూద్దాం. ఆ శనివారపు వాదంలో సగం మెఫిస్టో అయితే, తక్కిన సగం ఏ ధారావాహికను ఎంతమంది చూచినారన్నది. మా శిష్యుడు అంకెలు అప్పజెప్పినాడు. నాకు కలిగిన సందేహమొక్కటే: చూచుట అనగా నేమి? నెట్‌ఫ్లిక్స్‌వారు ఒకప్పుడు ఒక భాగంలో నూటికి డెబ్బదివంతులు చూచినవారినే లెక్కించేవారు. 2020 జనవరిలో రెండు నిమిషాలు చూస్తే చాలునన్నారు. దానివల్ల అంకె సగటున 35 శాతం పెరుగుతుందని వారే చెప్పినారు. 2021 చివర మొత్తం గంటల లెక్కకు మారినారు. 2023లో ఆ గంటలను కథ నిడివితో భాగించడం మొదలుపెట్టినారు. కథ మారలేదు, ప్రేక్షకుడు మారలేదు, కొలబద్ద మారింది. మన హైదరాబాదు భీముడే బుడిబుడి నడకల పసివాడుగా 'మైటీ లిటిల్ భీమ్' అనే పేర 2019 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌కు ఎక్కినాడు. సంభాషణలు దాదాపు లేని కథ కనుక ఏ భాషా అడ్డు రాలేదు. ఆ ఏడాది చివరకు భారతదేశం వెలుపలనే 2.7 కోట్ల ఇళ్ళు చూచినవని చెప్పినారు. సంతోషం. కాని ఆ ఇళ్ళలో ఎన్ని నిమిషాలు నిలిచినాడు, ఎందరు పిల్లలు మర్నాడు లడ్డూ అడిగినారు అన్నది ఆ అంకెలో లేదు.

"మాకు నచ్చిన సీరియల్‌కు లెక్క తగ్గితే ఆపేస్తారని భయం సార్. అందుకే రాత్రి పడుకునేటప్పుడు ఫోనులో పెట్టి వదిలేస్తాం" అన్నాడు శిష్యుడు. ఆ మాట నన్ను తాకింది. నా హాజరుపట్టీ గుర్తుకు వచ్చింది. మార్కుల ఆశతో పిల్లలు సంస్కృతం వైపు వెళ్ళిపోతుండగా, మా కళాశాలలో తెలుగు తరగతి ఏటేటా సన్నబడుతున్నది. నిర్ణీత సంఖ్య లేకపోతే తరగతి ఎత్తివేస్తారు. అందుచేత నేనూ చేరికల వేళ పిల్లల వెంటపడి పేర్లు వ్రాయించిన రోజులున్నవి. రాత్రి తిరిగే ఫోనుకూ, వెనుక బల్లమీద నిద్రించే పేరుకూ భేదమేమిటి? అంకె లేక తరగతి నిలవదు. అంకెతో మాత్రమే పాఠం నిలవదు. ఈ రెండు సత్యాల నడుమ నా ఉద్యోగం నడుస్తున్నది.

ఆ నలుగురిలో ఒకడు అంతవరకు ఏమీ మాట్లాడలేదు. మెఫిస్టో వాదం మళ్ళీ మొదలైనప్పుడు మెల్లగా, "దయ్యమెందుకురా? మనిషి పోయినాడని ఒప్పుకోలేకపోతున్నది, అంతే" అన్నాడు. తక్కినవారు నవ్వి ఊరుకున్నారు. అతని తండ్రి కరోనాలో, ఆరు నెలల క్రిందట పోయినాడని శిష్యుడు తరువాత చెప్పినాడు. ధారావాహిక ముగియడానికి నెల ముందే దాని తాత్పర్యం తెలిసినవాడు అతడు. మూల పుస్తకాలు చదివి కాదు, సాక్ష్యాలు ఏరి కాదు. ఏ గణాంకంలోనైనా అతడు ఒక్కడే. రాత్రంతా తిరిగిన ఫోను కూడా అక్కడ ఒక్కటే.

కడకు మెఫిస్టో వచ్చినాడు. నాలుగేళ్ళు గడిచిన తరువాత, 2025లో, 'ఐరన్‌హార్ట్' అనే వేరొక ధారావాహికలో, సచా బారన్ కోహెన్ రూపంలో. శిష్యుడు ఫోను చేసి, "వచ్చాడు సార్!" అన్నాడు. గొంతులో ఉత్సాహమున్నది. "మీరు నలుగురూ కలిసే చూచినారా?" అని అడిగాను. ఇద్దరు అమెరికా వెళ్ళినారట. మూడవవాడు ఊరికి వెళ్ళి తల్లి దగ్గరనే ఉండి పనిచేసుకుంటున్నాడట. ఆ మూడవవాడు ఎవరో నేను అడుగలేదు. "శనివారం మాదాపూరు రండి సార్, చాయ్ త్రాగుదాం" అన్నాడు.

వెళ్ళాను. ఈసారి వాదించడానికి ఇద్దరమే ఉన్నాం. అయినా రెండు గంటలు పట్టింది.