ఒక్క గాబ్లిన్ పెరిగితే.. లెక్కే మారిపోతుంది!

గేమ్ డిజైన్‌లో ఉద్యోగం అనగానే చాలామంది యూనిటీ, అన్‌రియల్ కోర్సులు వెతుకుతారు. మంచిదే. కానీ ‘ఈ పోరు ఆటగాడికి ఎంత కష్టం?’ అని ముందే అంచనా వేయగలగడం డిజైనర్‌కు అంతకన్నా ముఖ్యం. అది నేర్చుకోవడానికి కాగితం, పాచికలు చాలు.

అమెరికాలో 1974లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ టేబుల్ చుట్టూ కూర్చుని ఆడే ఆట. కథ నడిపేది డంజన్ మాస్టర్. మిగతావాళ్లు తలా ఒక పాత్ర పోషిస్తారు. వాళ్లకు ఎదురయ్యే రాక్షసుల్ని ఎంచడం డంజన్ మాస్టర్ పనే. బలం తక్కువైతే ఆట చప్పగా ఉంటుంది. ఎక్కువైతే హీరోలంతా అరగంటలో అవుట్!

దీనికి 2014 నాటి అయిదో ఎడిషన్‌లో ఒక లెక్క ఉంది. గాబ్లిన్ అనే చిన్న రాక్షసుడి విలువ 50 పాయింట్లు. మొదటి లెవెల్ పాత్రలు నలుగురుంటే.. 100 నుంచి సులువు, 200 నుంచి మధ్యస్థం, 300 నుంచి కష్టం, 400 నుంచి ప్రాణాంతకం. అసలు మెలిక ఇక్కడే. రాక్షసులు ఇద్దరైతే మొత్తాన్ని 1.5తో, 3 నుంచి 6 మంది అయితే 2తో గుణించాలి. ఇద్దరు గాబ్లిన్లు: 150, సులువు. ముగ్గురు: 300, కష్టం. నలుగురు: 400, ప్రాణాంతకం!

ఎందుకిలా? ప్రతి గాబ్లిన్‌కూ ఒక టర్న్ వస్తుంది కాబట్టి. ఆర్మర్ క్లాస్ 15 ఉన్న పాత్రపై గాబ్లిన్ దెబ్బ తగిలే అవకాశం 50 శాతం. తగిలితే సగటు నష్టం 5.5. అంటే నలుగురూ ఒకరి మీదే పడితే రౌండ్‌కు సుమారు 11. మొదటి లెవెల్ విజార్డ్ హిట్ పాయింట్లు సాధారణంగా 10 లోపే. ఒక్క రౌండ్‌లో పడిపోవచ్చు.

2024 గైడ్‌లో ఈ గుణకాన్ని తీసేసి లెక్కను తేలిక చేశారు. ఏ సూత్రమైనా అంచనాకే తప్ప, ఆడించి చూడటానికి బదులు కాదన్నమాట.

మీరేం చేయొచ్చు?

* ఈ ఆట ప్రాథమిక నియమాలు (ఎస్ఆర్‌డీ 5.1) 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌తో విడుదలయ్యాయి. ఉచితంగా వాడుకోవచ్చు.
* ఒక పోరును పైథాన్‌లోనో ఎక్సెల్‌లోనో వెయ్యిసార్లు నడపండి. ఎన్నిసార్లు హీరోలు గెలిచారో చూడండి.
* తర్వాత హాస్టల్లో నలుగురు ఫ్రెండ్స్‌తో ఆడించండి. లెక్కకూ ఆటకూ తేడా ఎక్కడొచ్చిందో రాసుకోండి.
* ఏం మార్చారు, ఎందుకు మార్చారు.. ఒక్క పేజీలో పోర్ట్‌ఫోలియోలో పెట్టండి.

ఇంటర్వ్యూలో ‘నాకు గేమ్స్ అంటే ప్యాషన్’ అని ఎవరైనా చెబుతారు. మూడో గాబ్లిన్‌ని ఎందుకు తీసేశారో అంకెలతో చెప్పగలిగితే, అవతలివాళ్లు రెండో ప్రశ్న అడుగుతారు. మీకు కావాల్సింది ఆ రెండో ప్రశ్నే.