పీహెచ్‌డీ ముగిసినా తీరని నిరీక్షణ
పోస్ట్ డాక్టోరల్ కొలువుల తీరుతెన్నులు

సికింద్రాబాద్‌: తార్నాక కూడలి నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్‌ వైపు సాగే రహదారి పరిశోధనాలయాలకు పెట్టింది పేరు. జాతీయ పోషకాహార సంస్థ, ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ ఈ పరిసరాల్లోనే ఉన్నాయి. చెంతనే ఉస్మానియా విశ్వవిద్యాలయం. వీటిలో పనిచేసే కొందరు విద్యార్థులూ కారు, శాశ్వత శాస్త్రవేత్తలూ కారు. డాక్టరేట్‌ పొంది, పరిమిత గడువుపై పరిశోధన సాగించే వీరినే పోస్ట్‌ డాక్టోరల్‌ ఫెలోలు, రీసెర్చ్‌ అసోసియేట్లు అంటారు. ‘డాక్టరేట్‌ వచ్చాక ఇంకా చదువేమిటి?’ అని ఊళ్లో అడుగుతుంటారు. నిజానికి ఇది చదువు కాదు, జీతం గల పని.

ఇందులో ప్రవేశానికి ప్రధానంగా రెండు మార్గాలున్నాయి. ఆచార్యునికి మంజూరైన ప్రాజెక్టులో అసోసియేట్‌గా చేరడం మొదటిది. కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం 2023లో సవరించిన ప్రకారం అనుభవాన్ని బట్టి నెలకు రూ.58 వేలు, రూ.61 వేలు, రూ.67 వేలు చెల్లిస్తారు. ఇంటి అద్దె భత్యం అదనం. అయితే ప్రాజెక్టు ముగిస్తే కొలువూ ముగిసినట్లే.

రెండోది జాతీయ పోస్ట్‌ డాక్టోరల్‌ ఫెలోషిప్‌. దీన్ని ప్రారంభించిన సైన్స్‌, ఇంజినీరింగ్‌ పరిశోధన మండలి 2024లో అనుసంధాన్‌ జాతీయ పరిశోధన ప్రతిష్ఠానంలో విలీనమైంది. భౌతిక, రసాయన, జీవ, గణిత, భూ విజ్ఞాన శాస్త్రాలతోపాటు ఇంజినీరింగ్‌ వారూ అర్హులే. గడువు రెండేళ్లు. పరిశోధన అంశాన్ని, సంస్థను, మార్గదర్శకుణ్ని అభ్యర్థే ఎంచుకుంటారు. పీహెచ్‌డీ గైడు మాత్రం మళ్లీ మార్గదర్శకునిగా ఉండరాదు.

చిక్కంతా వయసుతోనే. సాధారణ పరిమితి 35 ఏళ్లు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగ అభ్యర్థులకు, మహిళలకు అయిదేళ్ల సడలింపు ఉంది. ఇంటర్‌ వరకు ఊళ్లో చదివి, కొన్నాళ్లు ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెప్పి, ఆలస్యంగా పరిశోధనకు వెళ్లిన గ్రామీణ విద్యార్థి సిద్ధాంత గ్రంథం సమర్పించేసరికే ఆ గీత దగ్గరపడుతోంది. అందుకే పట్టా కోసం ఆగకుండా గ్రంథ సమర్పణకు ముందే మార్గదర్శకులతో ఉత్తర ప్రత్యుత్తరాలు మొదలుపెట్టడం మేలు.

ఈ అనుభవానికి లెక్కలో విలువ లేకపోలేదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయ సహాయ ఆచార్య పోస్టుల వడపోతలో బోధన లేదా పోస్ట్‌ డాక్టోరల్‌ అనుభవానికి ఏడాదికి 2 మార్కుల వంతున గరిష్ఠంగా 10 మార్కులు ఇస్తారు. కానీ పోస్టులు భర్తీ అయితేనే కదా మార్కులు అక్కరకొచ్చేది! తెలంగాణ ఏర్పడ్డాక రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు ఏళ్ల తరబడి నిలిచిపోయాయి.

ఈ నిరీక్షణ తెలుగువారికి కొత్త కాదు. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పొందాక కూడా అక్కడ శాశ్వత స్థానం దక్కక, 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు.

ప్రాజెక్టు కొలువులకు పత్రికల్లో పెద్ద ప్రకటనలు అరుదు. సంస్థల వెబ్‌సైట్లలో నోటీసు పెట్టి కొద్దిరోజుల్లోనే వాక్‌-ఇన్‌ ఇంటర్వ్యూ జరుపుతుంటారు. చేరే ముందు నియామక పత్రంలో గడువు ఎంత, పొడిగింపు ఉందా, అద్దె భత్యం రాసి ఉందా అన్నవి చూసుకోవాలి.