ఒక విధురుడు, ఒక వితంతువు: ఫ్రెంచి హాస్యచిత్రంలో ఎవరి దుఃఖానికి చోటు దక్కింది?

2016 మార్చిలో విడుదలైన ‘ఊపిరి’ చిత్రాన్ని సరిహద్దు జిల్లాల తెలుగువారిలో చాలామంది చూచియే ఉంటారు. తమిళనాట అదే కథ అదే సమయంలో ‘తోళా’గా వెలువడింది. చక్రాల కుర్చీకి పరిమితమైన ధనికుడిగా నాగార్జున, అతని సంరక్షకుడిగా కార్తి నటించిన ఈ కథకు మాతృక 2011 నవంబరులో ఫ్రాన్సులో విడుదలైన ‘అంతూషాబ్ల్’. ఒలివియే నకాష్, ఎరిక్ తొలెదానో దాని దర్శకులు. ఒక్క ఫ్రాన్సులోనే కోటి 90 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడైన చిత్రమిది.

ఆ ఫ్రెంచి పేరుకు అర్థం చెప్పుకుంటే ‘తాకరానివారు’. మన నేలపై ఆ మాటకున్న బరువు వేరు. తెలుగు చిత్రం దానిని విడిచిపెట్టడంలో ఆశ్చర్యం లేదు. అయితే ‘ఊపిరి’ అనే పేరు మూలానికి దగ్గరగానే ఉంది. కథకు ఆధారమైన ఫిలిప్ పోజో ది బోర్గో 2001లో వెలువరించిన స్వీయచరిత్ర పేరుకు ‘రెండవ ఊపిరి’ అని అర్థం. సంపన్న కుటుంబీకుడైన ఆయన 1993లో పారాగ్లైడింగ్ ప్రమాదంలో మెడ కింది శరీరంపై పట్టు కోల్పోయాడు. 1996లో భార్య క్యాన్సరుతో మరణించింది.

చిత్రంలో ఫిలిప్ పాత్రను ఫ్రాన్స్వా క్లుజె ధరించాడు. చూచేవారికి కుర్చీయే అతని కష్టమనిపిస్తుంది. కాని భార్య లేకుండా బ్రతకవలసి రావడమే తన అసలు వైకల్యమని ఆ పాత్ర ఒప్పుకుంటుంది. కదలలేని దేహాన్ని గురించి ఎన్ని పరిహాసాలైనా సాగుతాయి గానీ, పోయిన ఇల్లాలి ప్రస్తావన వచ్చినచోట నవ్వు ఆగిపోతుంది. హాస్యచిత్రానికి ఈ నిగ్రహం అరుదు.

అతని ఇంటికి వచ్చే డ్రిస్ సెనెగల్‌లో పుట్టి, పారిస్ శివార్లలోని ప్రభుత్వ గృహసముదాయంలో పెరిగిన నల్లజాతి యువకుడు. ఉద్యోగం కోరి రాడు. నిరుద్యోగ భృతి కోసం ఒక సంతకం చాలునని వస్తాడు. నిజజీవితంలో ఆ సంరక్షకుడు అబ్దెల్ సెల్లూ, అల్జీరియాలో పుట్టిన అరబ్బు. ఒమర్ సీ కోసం పాత్ర జన్మభూమి మారింది. ఆ పాత్రకు ఒమర్ సీ 2012లో సెజార్ ఉత్తమ నటుడి పురస్కారం పొందాడు. అప్పటివరకు ఏ నల్లజాతి నటుడికీ ఆ గౌరవం దక్కలేదు.

ఇక్కడే వివాదం మొదలైంది. శివారు బస్తీల యువకులు 2005లో అల్లర్ల వార్తలలోనే దేశానికి కనిపించారు. ఆరేళ్ళకు వారిలో ఒకడు తెరపై నాయకుడయ్యాడని కొందరు సంతోషించారు. చదువులేని నల్లవాడు నృత్యంతో, నవ్వుతో ధనిక శ్వేతజాతీయుని సేదతీర్చడం పాత మూసయేనని అమెరికా పత్రిక ‘వెరైటీ’ సమీక్షకుడు దుయ్యబట్టాడు. రెండింటిలోనూ నిజముంది. డ్రిస్ జాలిచూపని మనిషి గనుకనే ఫిలిప్ అతనిని కోరుకుంటాడు. ఆ గౌరవం కల్పితం కాదు. కాని ఫిలిప్‌కు సంగీతం, చిత్రకళ, ఉత్తరాలు, గతం అన్నీ ఉండగా, డ్రిస్ గతం ఒక్క సంభాషణలో ముగిసిపోతుంది.

ఆ సంభాషణనే జాగ్రత్తగా వినాలి. పిల్లలు లేని పినతండ్రి, అతని భార్య తనను సెనెగల్ నుండి తెచ్చుకున్నారని, తరువాత వారికి బిడ్డలు కలిగారని, పినతండ్రి చనిపోయాడని, ఆపై ఇంట్లోకి వేరే మగవారు, మరికొందరు పిల్లలు వచ్చారని డ్రిస్ చెబుతాడు. అంటే ఈ చిత్రంలో భర్త పోయిన స్త్రీ కూడా ఉంది. ఆమె ఇరుకింట్లో పిల్లలను పెంచుతూ, ఊడ్చి తుడిచే పనికి వెళ్ళి వస్తుంది. భవంతిలోని విధురుడికి కలం స్నేహితురాలు, ఆమెను కలుసుకోవాలన్న తహతహ, మరో జీవితం దొరుకుతాయి. ఆ వితంతువుకు దక్కినవి కొన్ని క్షణాలే. శోకించడానికి కూడా తీరిక, స్తోమత ఉండాలన్న సంగతి చిత్రం చూపుతుంది గాని, దానిపై నిలిచి చూడదు.

తెలుగులోకి వచ్చేసరికి మరికొంత మారింది. చనిపోయిన భార్య స్థానంలో, తన దుస్థితిని దాచి కథానాయకుడు దూరం చేసుకున్న ప్రేయసి వచ్చింది; ఆ చిన్న పాత్రను అనుష్క పోషించింది. శోకం త్యాగమైంది. వలస, వర్ణభేదం తొలగి ధనిక, పేద అంతరం మాత్రమే మిగిలింది. తేడాను డబ్బుకు కుదిస్తే కథ ఎవరినీ నొప్పించదు. మూలంలో గుచ్చుకున్నదీ మిగలదు.

ఫ్రాన్సులో ఆ చర్చ చిత్రంతో ఆగలేదు. 2018లో 16 మంది నల్లజాతి నటీమణులు తమకు దొరికే పాత్రల తీరును ఎండగడుతూ ఒక పుస్తకం వెలువరించి, అదే ఏడాది కాన్ చిత్రోత్సవపు మెట్లపై నిలబడి నిరసన తెలిపారు. డ్రిస్ పినతల్లి వంటి పాత్రలే వారిలో చాలామందికి తెలిసిన పాత్రలు.

అసలు ఫిలిప్ మొరాకో మహిళను పునర్వివాహమాడి ఆ దేశంలోనే స్థిరపడ్డాడు. 2023 జూన్‌లో మర్రాకేష్ నగరంలో కన్నుమూశాడు.